1,500 లీటర్ల మందు మోసే విమానానికి ఏ ఇంజిన్ పెట్టాలి?

నరసన్నపేట కుర్రాడు:

అందరికీ నమస్కారం. మాది నరసన్నపేట దగ్గర పల్లె. ఏరోనాటికల్ ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. నలుగురం కలిసి పొలాల మీద పురుగుమందు చల్లే విమానం డిజైన్ చేస్తున్నాం. తయారు చేసేది కాదు, లెక్కలూ బొమ్మలూ వరకే. 1,500 లీటర్ల మందు ట్యాంకు ఉండాలి, ఒక్క పైలట్, మట్టి రన్‌వే మీద నుంచి లేవాలి, 42 డిగ్రీల ఎండలోనూ పని చెయ్యాలి. ఈ షరతులు మేం పెట్టుకున్నవే. రెక్కలు ఒకడు, బాడీ ఒకడు, స్ప్రే సామాను ఒకమ్మాయి తీసుకున్నారు. ఇంజిన్ నా వంతుకు వచ్చింది.

ఈ ప్రాజెక్టు ఎందుకు తీసుకున్నానో కూడా చెప్తాను. మూడేళ్ళ కిందట వరికి సుడిదోమ పడింది. మా నాన్న తైవాన్ స్ప్రేయర్ వీపున వేసుకుని పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా మందు కొట్టారు. గాలి ఎదురుగా వస్తున్నా ఆపలేదు. పక్క మడిలో వాళ్ళు చూసేసరికి గట్టు మీద పడిపోయి ఉన్నారు. రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచాం. ఇప్పటికీ టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటారు. మందుకీ మనిషికీ మధ్య దూరం ఎలా పెంచాలన్నదే అప్పటి నుంచీ నా ఆలోచన.

నా ముందు నాలుగు ఇంజిన్లున్నాయి. పాత రేడియల్ పిస్టన్ ఇంజిన్ ఆర్-1340, పిస్టన్లు లేకుండా వేడి గాలితో చక్రాలు తిప్పే రెండు టర్బైన్లు పీటీ6, టీపీఈ331, 400 హార్స్‌పవర్ పిస్టన్ ఇంజిన్ లైకామింగ్ ఐఓ-720. డేటా షీట్లు చదివితే నాలుగూ మంచివిగానే కనిపిస్తున్నాయి. మా వాడొకడు ‘అన్నిటికంటే ఎక్కువ పవర్ ఉన్నది పెట్టెయ్, గొడవ వదిలిపోతుంది’ అంటున్నాడు. మా గైడ్ మాత్రం ‘ఎందుకు పెట్టావో చెప్పలేకపోతే మార్కులు ఇవ్వను’ అన్నారు. వచ్చే సోమవారం రివ్యూ. టెన్షన్‌గా ఉంది. ఈ ఇంజిన్ల దగ్గర చేతులు నల్లబడేలా పని చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

గాజువాక:

తమ్ముడూ, ఇప్పుడు కొత్తగా వచ్చే వ్యవసాయ విమానాల్లో ఎక్కువ భాగం పీటీ6తోనే వస్తున్నాయి. ఎయిర్ ట్రాక్టర్ కంపెనీ విమానాలకి అదే, థ్రష్ కంపెనీ వాటికి కూడా చాలా మోడళ్ళలో అదే. పీటీ6 అని రాసెయ్. లోకమంతా వాడుతున్నదాన్ని గైడ్ కాదనరు.

టెక్కలి ఫిట్టర్:

బాబూ, ముందు నాన్నగారి సంగతి. చెయ్యి వణుకు మూడేళ్ళుగా తగ్గలేదంటే నరాల డాక్టరుకి ఒకసారి చూపించు. ఏ మందు కొట్టారో ఆ డబ్బా పేరు రాసుకుని తీసుకెళ్ళు. ఇది ఇంజిన్ కంటే ముఖ్యం.

ఇక నా సంగతి. మాది టెక్కలి. ఎయిర్‌ఫోర్స్‌లో ఇంజిన్ ఫిట్టర్‌గా ఇరవై ఏళ్ళు చేశాను. అందులో ఎక్కువ కాలం డోర్నియర్ 228 మీద. దాని ఇంజిన్ నువ్వు రాసిన టీపీఈ331. రిటైరయ్యాక సూడాన్ వెళ్ళి ఎనిమిదేళ్ళు మందు చల్లే విమానాల దగ్గర పని చేశాను. నీలి నైలుకీ తెల్ల నైలుకీ మధ్య గెజీరా అని పెద్ద కాలువల ఆయకట్టు ఉంది. అక్కడ పత్తి. మా షెడ్డులో పాత ఆర్-1340 రేడియల్ ఇంజిన్ల థ్రష్‌లు రెండు, పీటీ6 విమానాలు మూడు ఉండేవి. అంటే నీ నాలుగింటిలో మూడు నా చేతుల మీదుగా వెళ్ళినవే.

ఇంజిన్ పేర్లు పక్కన పెట్టి ముందు బరువు లెక్క వేసుకో. 1,500 లీటర్ల మందునీళ్ళంటే 1,500 కిలోలు. ఖాళీ విమానం, పెట్రోలో కిరోసినో, పైలట్, అన్నీ కలిపితే 3,600 నుంచి 4,100 కిలోల మధ్య తేలుతుంది. ఇప్పుడు మందు చల్లడానికి ఎగిరిన విమానాలు చూడు. బ్రెజిల్ వాళ్ళ ఇపనేమా 1,800 కిలోలకి 300 హార్స్‌పవర్. మన హెచ్‌ఏఎల్ వాళ్ళు 1972లో ఎగరేసిన బసంత్ సుమారు 2,270 కిలోలు, దానికి నువ్వు రాసిన 400 హార్స్‌పవర్ ఐఓ-720. ఎయిర్ ట్రాక్టర్ 502బీ సుమారు 4,260 కిలోలు, 750 హార్స్‌పవర్. భాగించి చూడు. ఏది చేసినా ఒక్కో హార్స్‌పవర్‌కి ఐదున్నర నుంచి ఆరు కిలోలు వస్తుంది. దేశాలు వేరు, కాలాలు వేరు, కానీ మట్టి రన్‌వే మీద నిండు ట్యాంకుతో లేవాలంటే అందరూ ఆ లెక్క దగ్గరికే వచ్చి ఆగారు. నీ విమానానికి 630 నుంచి 700 హార్స్‌పవర్ కావాలి. ఐఓ-720 మంచి ఇంజినే గాని నీ బరువుకి చాలదు. దాన్ని ఈ ఒక్క లెక్కతోనే పక్కన పెట్టొచ్చు.

ఎక్కువ పవర్ పెట్టెయ్యమన్న మీ స్నేహితుడికి పోలండ్ వాళ్ళ ఎం-15 విమానం గురించి చెప్పు. 1970లలో సోవియట్ పొలాల కోసం చేశారు. పైనా కిందా రెండేసి రెక్కలు, వాటి మధ్య మందు ట్యాంకులు, వీపు మీద జెట్ ఇంజిన్. మందు చల్లడానికి జెట్ పెట్టిన విమానం అదొక్కటే. వేలల్లో చేద్దామనుకున్నారు, రెండు వందలు కూడా కాకుండానే 1981లో ఆపేశారు. నేల మీద నాలుగు మీటర్ల ఎత్తున గంటకి 160, 170 కిలోమీటర్లతో పోయేదానికి జెట్ విపరీతంగా ఇంధనం తాగుతుంది. ఆ వేగంలో చాలా గాలిని మెల్లగా వెనక్కి నెట్టేదే పొదుపు. అది పెద్ద ప్రొపెల్లర్ పని. ఎంత పవర్ అని కాదు, ఏ వేగం దగ్గర పవర్ అని అడగాలి.

మిగిలినవి మూడు. రేడియల్‌తో మొదలు పెడతాను, ఎందుకంటే నాకు దాని మీద ప్రేమ ఎక్కువ. ఆర్-1340 మొదటిసారి 1925 డిసెంబరులో నడిచింది. తొమ్మిది సిలిండర్లు పువ్వు రేకుల్లా చుట్టూ ఉంటాయి. 22 లీటర్ల ఇంజిన్, 600 హార్స్‌పవర్. దుమ్ముకీ మొరటు చేతులకీ ఓర్చుకుంటుంది. ఒక సిలిండర్ పాడైతే ఆ ఒక్కటే విప్పి మార్చి సాయంత్రానికి ఎగరేసిన రోజులున్నాయి.

కానీ దాని పొద్దుటి పూజ వేరు. రాత్రంతా నిలబెడితే ఇంజిన్ ఆయిల్ కిందికి జారి, అడుగున ఉన్న అయిదో, ఆరో సిలిండర్లలో చేరుతుంది. ఆయిల్ నలగదు కదా. అలాగే స్టార్టర్ నొక్కితే పిస్టన్ పైకి వచ్చి ఆయిల్‌ని గుద్దుకుంటుంది, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. అందుకని తెల్లవారుజామున స్విచ్‌లు ఆపి ఉన్నాయో లేదో చూసుకుని, ప్రొపెల్లర్ రెక్క పట్టుకుని రెండు చుట్లు చేత్తో తిప్పాలి. సగంలో బరువుగా ఆగిందా, బలవంతం చెయ్యకూడదు, వెనక్కీ తిప్పకూడదు. కింద స్పార్క్ ప్లగ్ విప్పాలి. విప్పగానే నల్లటి ఆయిల్ వెచ్చగా మోచేతి దాకా కారుతుంది. ఒక్కోసారి అరగ్లాసు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఎనిమిదేళ్ళూ నా చొక్కా కుడిచెయ్యి నల్లగానే ఉండేది. కొత్తగా వచ్చిన కుర్రాడొకడు ప్రొపెల్లర్ ఆగితే ‘చలికి బిగుసుకుంది’ అనుకుని ఇద్దర్ని పిలిచి తోయించాడు. ఆ రాడ్ వంగిన సంగతి పది గంటల ఎగురుడు తరవాత గాని బయటపడలేదు. అదృష్టం, విమానం రన్‌వే చివర ఉన్నప్పుడు ఆగింది.

పైగా అది తాగేది ఏవ్‌గ్యాస్, అంటే విమానాల పెట్రోలు. మన దేశంలో అది ఎక్కువగా ఫ్లయింగ్ స్కూళ్ళ కోసమే దొరుకుతుంది. 2022 సెప్టెంబరులో ఇండియన్ ఆయిల్ ఇక్కడ తయారు చేయడం మొదలుపెట్టేదాకా బయటి నుంచే తెచ్చుకునేవాళ్ళం. నువ్వు విమానాన్ని ఎక్కడ నడపాలనుకుంటే అక్కడ ఈ పెట్రోలు దొరుకుతుందా అన్నది మొదటి ప్రశ్న కావాలి. కొత్త ఆర్-1340లు చేయడం ఎప్పుడో ఆగిపోయింది. ఉన్నవి ఓవర్‌హాల్, అంటే పూర్తిగా విప్పి బాగు చేసుకుంటూ నడుపుతున్నవే. వెయ్యి, పన్నెండు వందల గంటలకోసారి ఓవర్‌హాల్.

ఇప్పుడు టర్బైన్. ఆర్-1340 బరువు 420 కిలోల చుట్టుపక్కల. పీటీ6లో నీకు సరిపోయేది 150 కిలోలే. 270 కిలోలు మిగిలాయి. గంటకి తాగేది మాత్రం ఎక్కువ. మా దగ్గర రేడియల్ గంటకి 130 లీటర్లు తాగితే పీటీ6 180 దాకా తాగేది. అయితే అది తాగేది జెట్ కిరోసిన్, పెద్ద ఎయిర్‌పోర్టుల్లో దొరుకుతుంది. పీటీ6లో చివర ఏజీ అని ఉండే వ్యవసాయ మోడళ్ళకి డీజిల్ వాడుకోడానికీ అనుమతి ఉంది. ఎయిర్‌పోర్ట్‌కి దూరంగా పని చేసే విమానానికి ఇది చిన్న విషయం కాదు. ఓవర్‌హాల్ మూడున్నర వేల గంటలు దాటాకే.

నీకు అన్నిటికంటే పనికొచ్చే పోలిక ఒకటి చెప్తాను. ఎయిర్ ట్రాక్టర్ 401, 402బీ మోడళ్ళ వివరాలు పక్కపక్కన పెట్టుకో. రెండిటికీ మందు ట్యాంకు 400 గ్యాలన్లు, అంటే 1,514 లీటర్లు. అచ్చం నీదే. 401కి ఆర్-1340, 402బీకి పీటీ6ఏ-15ఏజీ, 680 హార్స్‌పవర్. ఒకే ఇంట్లో అన్నదమ్ముల్లాంటివి. ఇంజిన్ మారితే ఏం మారిందో వేలు పెట్టి చూపించొచ్చు. ముక్కు పొడవు చూడు ముందు.

టీపీఈ331 గురించి రాత్రికి రాస్తాను. మనవరాలిని ట్యూషన్ నుంచి తీసుకురావాలి.

నరసన్నపేట కుర్రాడు:

బాబాయ్ గారూ, చాలా థాంక్స్. డబ్బా పేరు నాన్నని అడిగి రాసి పెట్టాను. వచ్చే వారం శ్రీకాకుళం తీసుకెళ్తాను.

లెక్క చేశాను. మాది 3,850 కిలోలు వచ్చింది, ఆరుతో భాగిస్తే 642. మా వాడు ఎం-15 గురించి చదివి మాట్లాడకుండా కూర్చున్నాడు. మూడు అడుగుతాను. ముక్కు పొడవు సంగతేంటి? 42 డిగ్రీల షరతుకి ఏ ఇంజిన్ ఎలా నిలబడుతుంది? మా చెల్లి ‘మన సంకిలి వైపు చెరకుంది కదా, ఆల్కహాల్‌తో నడవదా’ అని అడిగింది. రివ్యూలో ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి?

టెక్కలి ఫిట్టర్:

చెల్లి మంచి ప్రశ్న అడిగింది. నడుస్తుంది. ఇపనేమా విమానానికే బ్రెజిల్ వాళ్ళు ఆల్కహాల్ ఇంజిన్ పెట్టి 2004లో సర్టిఫికెట్ తెచ్చుకున్నారు. లైకామింగ్ ఐఓ-540నే మార్చారు. ఆల్కహాల్‌తో అది 300 బదులు 320 హార్స్‌పవర్ ఇస్తుంది. లీటరుకి శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ కాబట్టి ఎక్కువ లీటర్లు పోస్తారు, అయినా వాళ్ళకి గిట్టుబాటు. చెరకు వాళ్ళ ఊళ్ళోనే ఉంది మరి. కానీ దాని ట్యాంకు 950 లీటర్లు. నీ 1,500కి ఆ ఇంజిన్ చాలదు. రివ్యూలో అడిగితే ఈ మాటే చెప్పు.

ముక్కు సంగతి. 420 కిలోల ఇంజిన్ తీసి 150 కిలోలది పెడితే తోక బరువెక్కుతుంది. త్రాసులో ఒక వైపు రాయి తగ్గిస్తే ఆ చిన్న రాయినే కొసకి జరపాలి కదా. అందుకే టర్బైన్ వ్యవసాయ విమానాల ముక్కు కొంగ ముక్కులా సాగి ఉంటుంది. పైలట్‌కి నేల మీద ముందు ఏమీ కనపడదు, పాములా అటూ ఇటూ తిప్పుకుంటూ నడిపిస్తాడు. బాడీ డిజైన్ చేసే వాడికి ఈ విషయం ఇవాళే చెప్పు. ఇంజిన్ నీది, ముక్కు అతనిది అనుకుంటే సోమవారం ఇద్దరూ ఇబ్బంది పడతారు.

42 డిగ్రీలు. పుస్తకాల్లో లెక్కలన్నీ 15 డిగ్రీల దగ్గర ఉంటాయి. 42కి వస్తే గాలి సాంద్రత 8, 9 శాతం పడిపోతుంది. ఇంజిన్‌కే కాదు, రెక్కకీ ప్రొపెల్లర్‌కీ కూడా అంత పలచని గాలే దొరుకుతుంది. పిస్టన్ ఇంజిన్ ఎండతో పాటే నీరసపడుతుంది. టర్బైన్ కూడా నీరసపడుతుంది గాని, పీటీ6 లోపల దాని శక్తి ఇంకా ఎక్కువ ఉంటుంది, కంపెనీ వాళ్ళు గేర్‌బాక్స్ కోసం కొంత దగ్గర ఆపి అమ్ముతారు. ఆ మిగులు వల్ల పీటీ6ఏ-34ఏజీ లాంటివి 30 డిగ్రీల దాకా పూర్తి 750 హార్స్‌పవర్ ఇస్తాయి. ఆపైన మెల్లగా తగ్గుతాయి. గెజీరాలో ఎండ బాగా ఉన్న రోజుల్లో రేడియల్ థ్రష్‌కి ట్యాంకు మూడొంతులే నింపేవాళ్ళం, పీటీ6కి దాదాపు నిండుగా. నీకు ఎండ షరతు ఉంది కాబట్టి 680 దగ్గర ఆగకుండా 34ఏజీ తీసుకుని కాస్త మిగులు ఉంచుకోమంటాను.

ఇక టీపీఈ331. నా యౌవనమంతా దీని దగ్గరే గడిచింది, అన్యాయం చెయ్యకూడదు. పీటీ6లో గాలి నొక్కే చక్రానికీ ప్రొపెల్లర్ తిప్పే చక్రానికీ మధ్య ఇనుప బంధం లేదు, మధ్యలో వేడి గాలే. ఒక ఫ్యాను వేసి ఎదురుగా ఇంకో ఫ్యాను పెడితే అదీ తిరుగుతుంది చూడు, అలా. టీపీఈ331లో అంతా ఒకే షాఫ్ట్. నిమిషానికి 41,730 చుట్లు, గేర్‌బాక్స్ తగ్గించి ప్రొపెల్లర్‌కి ఇస్తుంది. గాల్లో ఎప్పుడూ నిండు వేగంలోనే ఉంటుంది కాబట్టి పైలట్ లివర్ తోసిన మరుక్షణం లాగుతుంది. పీటీ6 ఒకటి రెండు సెకన్లు ఆలోచిస్తుంది. ఇంధనం కూడా టీపీఈకి కొంచెం తక్కువే. ఇంజిన్‌గా చూస్తే నా ఓటు దానికే.

కానీ మందు పని వేరు. గంటలో ఆరేడు సార్లు దిగాలి, ట్యాంకు నింపుకోవాలి, లేవాలి. ప్రతిసారీ ఇంజిన్ ఆపరు, నడుస్తూ ఉండగానే పైపు తగిలిస్తారు. పీటీ6 అయితే ప్రొపెల్లర్ రెక్కల అంచు గాలికి ఎదురుగా వచ్చేలా తిప్పేస్తే నీరసంగా తిరుగుతుంది, చప్పుడు తగ్గుతుంది. టీపీఈ నేల మీద కూడా పూర్తి వేగంలో మూడింట రెండొంతులు తిరుగుతూ చెవులు చిల్లులు పడేలా అరుస్తూనే ఉంటుంది. ఆ పక్కన పైపు పట్టుకుని నిలబడేది నీ నాన్న వయసు కూలీ. రోజుకి నలభై సార్లు. ఇంకొకటి, దాన్ని ఆపాక వేడికి షాఫ్ట్ వంగకుండా ప్రొపెల్లర్‌ని చేత్తో మెల్లగా తిప్పాలి. ఎయిర్‌ఫోర్స్‌లో ఆ పని మరిచిపోతే ఊరుకునేవాళ్ళు కాదు. పొలం గట్టున ఎవరు గుర్తు పెట్టుకుంటారు? అందుకే నీ విమానానికి పీటీ6 అంటున్నాను. గాజువాక ఆయన చెప్పిందీ ఇదే. కానీ ‘అందరూ వాడుతున్నారు’ అన్నది కారణం కాదు, పైపు పట్టుకునే మనిషి కారణం.

పీటీ6కీ తప్పులుంటాయి. ఒకటి నా కళ్ళ ముందు జరిగింది. పత్తికి తెల్లదోమ బాగా ఉన్న నెల. పొద్దున్న తొమ్మిదయితే గాలి లేస్తుంది, మందు చెదిరిపోతుంది, కాబట్టి ఐదుంపావుకే పైలట్ ఎక్కి కూర్చున్నాడు. బ్యాటరీ ముందు రోజు సరిగా ఛార్జ్ కాలేదు. నేనూ రాత్రి వోల్టేజి చూడలేదు, చూసి ఉండాల్సింది. స్టార్టర్ నొక్కితే చక్రం 12 శాతం వేగం అందుకున్నాకే ఇంధనం వదలాలి. అది తొమ్మిది దగ్గరే మూలుగుతోంది. ఆయన తొందరలో లివర్ తోసేశాడు. గాలి తక్కువ, మంట ఎక్కువ. ముందున్న రెండు పొగ గొట్టాల్లోంచి నారింజరంగు మంట బయటికి వచ్చింది. నేను రెండు చేతులూ మెడకి అడ్డంగా ఊపాను. ఆపేశాడు. నాలుగైదు సెకన్లు, అంతే. లోపలి వేడిని చూపే ముల్లు వెయ్యి డిగ్రీలు దాటిపోయింది. తరవాత సన్నటి కెమెరా పెట్టి చూస్తే మొదటి చక్రం బ్లేడ్ల కొనలు మైనంలా వంగి ఉన్నాయి. మూడు వారాలు విమానం షెడ్డులో. ఆ మూడు వారాల్లో ఎన్ని ఎకరాల పత్తి పోయిందో నేను లెక్క వెయ్యలేదు, వెయ్యాలనిపించలేదు.

అందుకని నీ డిజైన్‌లో బ్యాటరీ పెద్దది పెట్టు, బయటి నుంచి కరెంటు తగిలించే సాకెట్ నిలబడి అందుకునే ఎత్తులో పెట్టు. గాలి లోపలికి వచ్చే దారిలో దుమ్ము వేరు చేసే ఏర్పాటు పెట్టు. ఇంజిన్ లోపల నీళ్ళతో కడగడానికి గొట్టం అమర్చు. హబూబ్ అని అక్కడ దుమ్ము తుఫాను వస్తుంది, ఆ దుమ్ముకి మందు పొడి తోడైతే బ్లేడ్ల మీద పొర కడుతుంది. మేం ప్రతి సాయంత్రం కడిగేవాళ్ళం.

ఇంధనం చిమ్మే నాజిల్స్ కూడా విప్పి పరీక్ష బల్ల మీద చూడాలి. మంచి నాజిల్ నుంచి పొగమంచులా గొడుగు విప్పినట్టు వస్తుంది, చుట్టూ సమానంగా. మసి పట్టిందైతే ఆ గొడుగులో ఒకచోట గీత కనిపిస్తుంది, సన్నటి ధార. ఆ ధార పడిన చోటే లోపల లోహం కాలుతుంది. నీ స్ప్రే సామాను అమ్మాయికి చెప్పు, పొలం మీద చల్లే నాజిల్‌కీ ఇదే నీతి.

పలాస జీడితోట:

తమ్ముడూ, నేను ఇంజిన్లు తెలిసినవాణ్ణి కాదు. మాకు జీడితోట ఉంది. 2018లో తిత్లీ తుఫానుకి చెట్లు వేళ్ళతో సహా లేచిపోయాయి, మళ్ళీ వేసుకున్నాం. పూత టైములో టీ దోమ వస్తే పెద్ద చెట్టు కొసలకి మందు అందదు. విమానం అంటే మొదట ఆశ పుట్టింది. కానీ కేరళలో కాసరగోడ్ జీడితోటల మీద హెలికాప్టర్లతో ఏళ్ళ తరబడి ఎండోసల్ఫాన్ చల్లారు. తోటల మధ్యే ఇళ్ళు, బావులు. అక్కడి పిల్లల ఫొటోలు చూశాక నాకు నిద్ర పట్టలేదు. 2011లో సుప్రీంకోర్టు ఆ మందునే ఆపించింది. మీ నాన్నకి దూరమైన మందు పక్కింటి బావిలో పడకుండా ఏం చేస్తారు? ఇంజిన్‌కీ దీనికీ సంబంధం ఉందా?

టెక్కలి ఫిట్టర్:

ఉంది బాబూ, చాలా ఉంది. విమానం వేగం పెరిగేకొద్దీ ఎదురుగాలికి మందు చుక్క చితికి ఇంకా సన్నబడుతుంది. సన్న చుక్క కింద పడదు, గాలితో పోతుంది. అందుకే మిగులు పవర్ ఉంది కదా అని వేగంగా కొట్టకూడదు. పవర్ లేవడానికి, చెట్టు వచ్చినప్పుడు పైకి లాగడానికి. చల్లేటప్పుడు వేగం తక్కువ, చుక్క లావు, గాలి చూసి, ఇళ్ళ వైపు అంచు వదిలేసి. కుర్రాడా, ఇది నీ రిపోర్టులో ఇంజిన్ పేజీలోనే రాయి, స్ప్రే పేజీలో కాదు. అయితే తోటల మధ్య ఇళ్ళున్న మన ఉద్దానంలాంటి చోట ఏ ఇంజిన్ పెట్టినా విమానంతో చల్లడానికి నేను ఒప్పుకోను.

చీపురుపల్లి డ్రోన్ అక్క:

నేను డ్రోన్‌తో మందు కొడతాను. మహిళా సంఘం నుంచి వెళ్ళి ట్రైనింగ్ తీసుకుని పౌర విమానాల శాఖ డీజీసీఏ ఇచ్చే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ తెచ్చుకున్నాను. తమ్ముడూ, నీ విమానం మీ నాన్న పొలం మీద తిరగలేదు, ఆ మాట ముందే అనుకో. మన దగ్గర మడి అరెకరం, ఎకరం. గట్టున తాటిచెట్లు, పైన కరెంటు తీగలు. విమానం ఒక చివర మందు ఆపి మలుపు తిరిగేలోపు నాలుగు ఊళ్ళు దాటిపోతుంది.

నా డ్రోన్ 10 లీటర్లు మోస్తుంది. ఎకరం ఏడెనిమిది నిమిషాల్లో అయిపోతుంది, అంతలో బ్యాటరీ కూడా అయిపోతుంది. దించిన బ్యాటరీ చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటుంది, వెంటనే ఛార్జింగ్ పెడితే ఉబ్బిపోతుంది. చింతచెట్టు నీడలో వరసగా పెట్టి, చల్లారినవి ముందు, వేడివి వెనక. ఆటోలో చిన్న పెట్రోలు జనరేటర్ ఉంటుంది, దానితో ఛార్జ్ చేస్తాం. కాబట్టి మాకూ ఇంజిన్ ఉంది, కాకపోతే అది గట్టు మీద ఉంటుంది. ఒకరోజు జనరేటర్ కార్బురేటర్‌లో నీళ్ళు చేరి ఆగిపోతే పన్నెండు ఎకరాల వాళ్ళు వచ్చి నిలబడ్డారు. అప్పటి నుంచి పెట్రోలు గుడ్డలో వడగట్టి పోస్తున్నాను.

ఇంకొకటి, మన పురుగుమందుల నిబంధనలు 1971లోవి. గాల్లోంచి చల్లాలంటే 24 గంటల ముందే ఊరికి తెలియజెయ్యాలని, సంబంధం లేని మనుషులూ పశువులూ అటు రాకూడదని వాటిలో ఉంది. నేను ముందు రోజు సాయంత్రం దండోరా వేయిస్తాను. నీ ప్రాజెక్టులో ఆ పేజీ కూడా పెట్టు.

నరసన్నపేట కుర్రాడు:

అందరి మాటలూ మా గ్రూపులో చదివి వినిపించాను. అక్కా, మీరు చెప్పింది విన్నాక గంటసేపు ఏం తోచలేదు. నాన్న పొలం కోసమని మొదలుపెట్టిన విమానం నాన్న పొలం మీద తిరగదు. కానీ నిజం అదే కదా. అందుకని షరతులు మార్చాం. మా విమానం గెజీరా లాంటి చోట, కిలోమీటర్ల పొడుగు మడులున్న చోట పని చేస్తుందని మొదటి పేజీలోనే రాశాం. ఇంజిన్ పీటీ6ఏ-34ఏజీ. కారణాల్లో మొదటిది బరువు, రెండోది ఎండ, మూడోది పైపు పట్టుకునే మనిషి. బాడీ చేసే వాడు ముక్కు 90 సెంటీమీటర్లు పెంచాడు, ఇంకా పెంచాలేమో అంటున్నాడు. పలాస అన్నయ్య అడిగిన వేగం, చుక్క లెక్క ఇంజిన్ పేజీలోనే పెట్టాను.

అక్కా, వచ్చే సార్వాకి మా ఊరు రాగలరా? నాలుగెకరాలు మాది, పక్కన మా చిన్నాన్నది మూడు. నాన్నకి చెప్పాను. ‘మందు కొట్టేటప్పుడు నన్ను గట్టు మీద నిలబడనిస్తుందా’ అని అడిగారు.

చీపురుపల్లి డ్రోన్ అక్క:

వస్తాను. గట్టు మీద కాదు, గాలి వచ్చే వైపు, యాభై అడుగుల దూరంలో కుర్చీ వేసి కూర్చోబెడదాం.

టెక్కలి ఫిట్టర్:

కుర్రాడా, ఆదివారం ఖాళీ అయితే టెక్కలి రా, పదింటికల్లా. ఆ రోజు వంగిపోయిన బ్లేడ్లలో ఒకటి పారేస్తుంటే అడిగి తెచ్చుకున్నాను, బల్ల సొరుగులో ఉంది. నీ బొటనవేలంత ఉంటుంది. కొన ఎటు వంగిందో చేత్తో తడిమి చూడు, సోమవారం జేబులో పెట్టుకుని తీసుకెళ్ళు. తిరిగి తెచ్చి ఇవ్వాలి సుమా.